మబ్బును ఆయుధంగా మార్చగలరా? మేఘమథనం దగ్గర పనిచేసినవాడిగా నా సమాధానం

మీరు అడిగింది ఇది: మనిషి వాతావరణాన్ని మార్చే పద్ధతుల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా? సైన్యాలు వాటిని ఆయుధంగా వాడుతున్నాయా? 2024 సెప్టెంబరులో విజయవాడలోని మీ అజిత్‌సింగ్‌నగర్‌ను ముంచిన వరద కూడా అలాంటి ప్రయోగమేనని ఒక వీడియోలో చెప్పారు, అది నిజమేనా? ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయని, నాన్నగారి కుట్టుమిషన్లు తుప్పుపట్టి పోయాయని కూడా రాశారు. అది చదివాక రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు.

ముందు సూటిగా చెబుతాను. ప్రయోజనం ఉంది, కానీ చిన్నది. సైన్యం ఆయుధంగా వాడిన మాట నిజం, అది రుజువైన చరిత్ర. మీ ఇంట్లోకి వచ్చిన నీళ్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ మూడింటినీ కలిపి చూస్తేనే విషయం అర్థమవుతుంది. రెండోది తెలిసినవాళ్లు మూడోదాన్ని కూడా నమ్మేస్తారు. మూడోది అబద్ధమని తెలిసినవాళ్లు రెండోది కూడా కట్టుకథే అనుకుంటారు.

నేను వైమానిక దళంలో వాతావరణ విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేశాను. పదవీ విరమణ తర్వాత, 2000ల దశకంలో రాయలసీమలో మేఘమథనం, అంటే విమానంతో మబ్బుల్లో రేణువులు చల్లి వాన కురిపించే పని, జరుగుతున్నప్పుడు రెండు సీజన్లు రాడార్ గదిలో ఉన్నాను. ఇప్పుడు ఉండేది గుంటూరులో.

మబ్బులో నీళ్లున్నాయి కదా, వాన ఎందుకు పడదు? అసలు విద్య అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. మబ్బులోని నీటి బిందువు వ్యాసం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. వాన చినుకు వ్యాసం రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వ్యాసం వంద రెట్లయితే ఘనపరిమాణం పది లక్షల రెట్లు. అంటే ఒక్క చినుకు కావాలంటే పది లక్షల మబ్బు బిందువులు ఒక్కటి కావాలి. చాలా మబ్బులు ఆ పని పూర్తికాకముందే చెదిరిపోతాయి. మన తలమీదుగా నల్లగా వచ్చి చుక్క రాల్చకుండా పోయే మబ్బు కథ ఇదే.

ఇంకో విచిత్రం ఉంది. మబ్బు పైభాగంలో ఉష్ణోగ్రత సున్నా కంటే పది డిగ్రీలు దిగువన ఉన్నా, నీళ్లు గడ్డకట్టకుండా నీళ్లలాగే ఉండగలవు. వాటికి పట్టుకోవడానికి ఒక గింజ కావాలి. 1946 జులైలో అమెరికాలోని షెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షేఫర్ ఒక శీతల పెట్టెలో తన ఊపిరితో చిన్న మబ్బును చేసి, అందులో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్క వేశాడు. క్షణంలో పెట్టె నిండా మంచు స్ఫటికాలు మెరిశాయి. అదే ఏడాది నవంబరులో మసాచుసెట్స్ కొండల మీద చిన్న విమానంలో వెళ్లి నిజమైన మబ్బు మీద ఆ పని చేశాడు. ఆయన సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్, సిల్వర్ అయొడైడ్ స్ఫటికం అమరిక మంచు స్ఫటికం అమరికకు దగ్గరగా ఉంటుందని గమనించి దాన్ని వాడి చూశాడు. నేటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడేది అదే. మన దగ్గర మేఘాల అడుగు వెచ్చగా ఉంటుంది. గడ్డకట్టే ఎత్తు వానాకాలంలో ఐదు కిలోమీటర్ల పైనే. అందుకే ఇక్కడ మబ్బు అడుగున, గాలి పైకి తోస్తున్న చోట ఉప్పు రేణువులు వదిలే ఫ్లేర్లు కాలుస్తారు. ఉప్పు తేమను లాక్కుంటుంది, పెద్ద బిందువులు తయారై చిన్నవాటిని కలుపుకుంటాయి.

చూశారా, ఈ రెండు పద్ధతుల్లో దేనిలోనూ మనం నీళ్లు తీసుకెళ్లడం లేదు, గాలిని కదిలించడం లేదు. ఉన్న మబ్బును కాస్త తొందరపెట్టగలం. లేని మబ్బును పుట్టించలేం.

దీనికి 2025 అక్టోబరు 28ని మించిన ఉదాహరణ నాకు తట్టడం లేదు. ఆ రోజు ఢిల్లీలో కాలుష్యం తగ్గించడానికి ఐఐటీ కాన్పూర్ బృందం విమానంతో మేఘమథనం చేసింది. మబ్బుల్లో తేమ చాలా తక్కువగా ఉంది, చెప్పుకోదగ్గ వాన పడలేదు. అదే రోజు రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో మన తీరం దాటింది. కోస్తా అంతా వానలో నానిపోయింది. అక్కడ దేశంలోని నిపుణులు, విమానం, రసాయనం అన్నీ ఉన్నాయి, తేమ లేదు. ఇక్కడ ఎవరూ ఏమీ చేయలేదు, సముద్రం ఉంది.

ఇప్పుడు మీ వరద సంగతి. మీ ఇంట్లోకి వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు అది. వరద వస్తే వెలగలేరు దగ్గర మళ్లించి కాలువ గుండా కృష్ణలో కలపాలి. కృష్ణ తానే నిండి పొర్లుతుంటే ఆ నీరు నదిలోకి దిగదు. ఆ రోజుల్లో జరిగింది అదే. ఆగస్టు 31న కుండపోత, సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటింది. మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది.

దీన్ని మేఘమథనం లెక్కతో పక్కపక్కన పెట్టి చూద్దాం. మనకు టీఎంసీ భాష బాగా తెలుసు కాబట్టి అందులోనే చెబుతాను. మన దేశంలో జరిగిన అత్యంత జాగ్రత్తైన పరీక్ష పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థది. 2009లో మొదలైన కైపీక్స్ కార్యక్రమంలో భాగంగా 2018, 2019 వానాకాలాల్లో షోలాపూర్ దగ్గర చేశారు. కొన్ని చోట్ల వాన 46 శాతం దాకా పెరిగింది. గాలివాలున వంద చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం మీద చూస్తే పెరుగుదల సుమారు 18 శాతం. దాన్నే తీసుకుందాం. వంద చదరపు కిలోమీటర్ల మీద ఒక సెంటీమీటరు వాన పడితే పది లక్షల ఘనపు మీటర్లు, అంటే 0.035 టీఎంసీ. అందులో 18 శాతం అదనం అంటే సుమారు 0.006 టీఎంసీ. ఆ సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర నది మోసిన ప్రవాహం గంటకు నాలుగు టీఎంసీలకు పైగా. ఒక్క గంట ప్రవాహానికి సరిపడా నీళ్లు రావాలంటే అలాంటి విజయవంతమైన ప్రయోగాలు ఆరు వందలకు పైగా కావాలి. అదీ ఒక్క చుక్క నేలలో ఇంకకుండా నదికి చేరితే. ఆ ప్రవాహం గంట కాదు, రోజుల తరబడి సాగింది.

శక్తి లెక్క ఇంకా భయపెడుతుంది. అదే వంద చదరపు కిలోమీటర్ల మీద ఒక సెంటీమీటరు వాన కురవాలంటే, ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి హిరోషిమా బాంబులు నలభై పేలినంత. ఇది మామూలు సాయంత్రపు జల్లు. వాయుగుండం ఒక రాష్ట్రమంత మేర కురుస్తుంది. దాన్ని తయారుచేసి, దారి చూపించి, బుడమేరు మీదికి తోలగల యంత్రం ఏ దేశం దగ్గరా లేదు.

ఆ వీడియోలో అలాస్కాలోని హార్ప్ కేంద్రం పేరు కూడా వచ్చిందన్నారు. అది రేడియో తరంగాలతో అయనావరణాన్ని పరిశీలించే కేంద్రం. దాని శక్తి 3.6 మెగావాట్లు. అయనావరణం మొదలయ్యేది 80 కిలోమీటర్ల దరిదాపుల్లో, మన మబ్బులు ముగిసేది 16, 17 కిలోమీటర్ల దగ్గర. మొదట అమెరికా సైన్యం డబ్బుతో కట్టినదే, ఆ అనుమానం అక్కడి నుంచే వచ్చింది. 2015 నుంచి అలాస్కా విశ్వవిద్యాలయం నడుపుతోంది. ఇంతకు మించి దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

మరి అయితే ఇదంతా పనికిరాని పనా? కాదు. షోలాపూర్ ఫలితాన్నే ఎకరానికి లెక్కకట్టండి. సెంటీమీటరు వానలో 18 శాతం అదనం అంటే ఎకరానికి సుమారు 7,300 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఒకటిన్నర. వానాకాలం మధ్యలో ఇరవై రోజుల ఎడం వచ్చినప్పుడు, పత్తి చేను తల వాల్చినప్పుడు, ఆ తడి పంటకు కాస్త ఊరటనిస్తుంది. చల్లని దేశాల్లో శీతాకాలపు కొండ మబ్బుల మీద ఫలితం ఇంకా స్పష్టం. 2017లో అమెరికాలోని ఐడాహోలో చేసిన పరిశోధనలో విమానం ఏ మెలికల దారిన వెళ్లి సిల్వర్ అయొడైడ్ వదిలిందో, రాడార్ తెర మీద మంచు సరిగ్గా ఆ మెలికల ఆకారంలోనే కనిపించింది. ఆ చిత్రం చూసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. మేం రెండు సీజన్లు తెర ముందు కూర్చుని చూడాలనుకున్నది అదే.

అయితే అన్ని చోట్లా అలా లేదు. దశాబ్దాలుగా మేఘమథనం చేసిన ఇజ్రాయెల్, 2013 నుంచి 2020 దాకా మళ్లీ కట్టుదిట్టంగా పరీక్షించుకుంది. పెరుగుదల రెండు శాతం లోపే తేలింది. అది కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ అంకె చాలలేదు. ప్రయోగం ఆపేశారు. సొంత పనిని అలా నిజాయతీగా కొలుచుకుని ఆపడం నాకు గౌరవం కలిగించిన విషయం. చైనా మాత్రం ఎదురుదారిన వెళ్తోంది. 2025 నాటికి 55 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వాన, మంచు పెంచే కార్యక్రమం విస్తరిస్తామని 2020 డిసెంబరులో ప్రకటించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజున వాన నగరానికి చేరకముందే కురిపించడానికి వెయ్యికి పైగా రాకెట్లు పేల్చారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. సైనిక కోణం నాకు నిజంగా అర్థమైంది రక్షణ శాఖలో కాదు, రాయలసీమలో ఆ రాడార్ గదిలోనే.

ఆగస్టు నెల. వేరుశనగ ఊడలు దిగే సమయం, మూడు వారాలుగా చినుకు లేదు. మధ్యాహ్నం రెండు దాటాక తెర మీద ఒక పచ్చటి మచ్చ పసుపుకు తిరగడం మొదలైంది. పైలట్‌కు దిక్కు, దూరం చెప్పాం. మబ్బు అడుగుకు వెళ్లి, గాలి పైకి తోస్తోందని రేడియోలో చెప్పి, రెక్కల కింద ఫ్లేర్లు వెలిగించాడు. ఆ మబ్బు గంటకు ముప్పై అయిదు కిలోమీటర్ల వేగంతో కదులుతోంది. అరగంటకు వాన మొదలైంది. అంటే ఫ్లేరు వెలిగించిన చోటికి పదిహేడు కిలోమీటర్ల అవతల. గదిలో అందరం లేచి నిలబడ్డాం.

మర్నాడు పొద్దున్నే ఒక రైతు మోపెడ్ మీద వచ్చాడు. చేతిలో పీకిన వేరుశనగ మొక్క ఉంది. ఊడలు నేలను తాకాయి కానీ లోపలికి దిగలేదు, కొసలు నల్లబడి ఎండిపోయాయి. నేల అంత గట్టిపడింది. ఆ మొక్కను నా బల్ల మీద పెట్టి అడిగాడు: "అయ్యా, విమానం మా ఊరి మీదే తిరిగింది. వాన పక్క మండలంలో పడింది. మా మబ్బును ఎవరికి ఇచ్చారు?"

గాలి దిక్కు బొమ్మ గీసి చూపించాను. ఆ మబ్బు ఎలాగూ అటే పోయేదని చెప్పాను. మేం ఏమీ చేయకపోయినా మీ ఊళ్లో పడి ఉండేది కాదని చెప్పాను. ఆయన అంతా విని, "పడి ఉండేది కాదని మీకెలా తెలుసు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒకే మబ్బును ఒకసారి మందు వేసి, ఒకసారి వేయకుండా చూడలేం. వందల మబ్బులను చీటీలు వేసినట్టు సగం ఎంచుకుని, సగం వదిలి, లెక్కకట్టాలి. మా కార్యక్రమంలో అలాంటి ఏర్పాటు లేదు. ఎన్ని మిల్లీమీటర్లు మన వల్ల పడిందో రాయమని పైనుంచి అడిగేవారు. ఆ గడిలో నిజాయతీగా రాయగల అంకె లేదు. ఆ రైతు ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆయన ప్రశ్ననే 2018 జులైలో ఇరాన్ సైనికాధికారి ఒకరు వేశారు. ఇజ్రాయెల్ తమ మబ్బులను దొంగిలిస్తోందని బహిరంగంగా ఆరోపించారు. ఇరాన్ వాతావరణ శాఖ అధిపతే ముందుకు వచ్చి, అలా దొంగిలించడం సాధ్యం కాదన్నారు. ఊరికీ ఊరికీ మధ్య వచ్చిన అనుమానం దేశానికీ దేశానికీ మధ్య వస్తే, అక్కడ మోపెడ్ మీద మొక్క పట్టుకుని వచ్చేవాళ్లు ఉండరు.

అనుమానానికి ఆధారం లేకపోలేదు. వియత్నాం యుద్ధం నాటి ఆపరేషన్ పొపాయ్ నిజం. 1967 మార్చి 20 నుంచి 1972 జులై 5 వరకు అమెరికా వైమానిక దళం థాయిలాండ్‌లోని ఉదోన్ స్థావరం నుంచి లావోస్, వియత్నాం మీద రహస్యంగా మేఘమథనం చేసింది. హో చి మిన్ దారి గుండా ఉత్తర వియత్నాం లారీలు సరుకు, ఆయుధాలు తెస్తున్నాయి. వానాకాలాన్ని ముప్పై నుంచి నలభై అయిదు రోజులు పొడిగించి, దారిని బురద చేసి, కొండ చరియలు విరిగేలా, వాగు దాటే చోట్లు కొట్టుకుపోయేలా చేయాలన్నది పథకం. వాతావరణ పరిశీలన విమానాల్లా కనిపించేవే ఈ పని చేశాయి. మొత్తం 2,602 సార్లు ఎగిరారు, 47 వేలకు పైగా ఫ్లేర్లు కాల్చారు. 1971లో పత్రికా రచయిత జాక్ ఆండర్సన్, 1972లో న్యూయార్క్ టైమ్స్‌లో సీమోర్ హెర్ష్ బయటపెట్టారు. 1974లో సెనేట్ ముందు సైన్యం ఒప్పుకుంది.

ఫలితం? కొన్ని పరిమిత ప్రాంతాల్లో వాన 30 శాతం దాకా పెరిగి ఉండవచ్చని వారి గూఢచార విభాగం అంచనా వేసింది. కొలిచి నిరూపించలేకపోయారు. నా రైతు ప్రశ్న వాళ్ల ముందూ ఉంది. లారీలు ఆగలేదు, యుద్ధం ఎలా ముగిసిందో మీకు తెలుసు.

సైన్యంలో పనిచేసినవాడిగా ఇంకో మాట. మేఘమథనానికి విమానం శత్రువు ఆకాశంలోకి నెమ్మదిగా వెళ్లి, మబ్బు చుట్టూ తిరగాలి. అంత నిర్భయంగా తిరగగలిగితే బాంబులే వేయవచ్చు. రాడార్‌తో చూడాలి, గాలి అనుకూలించాలి, మబ్బు ముందే ఉండాలి, వాన గురిపెట్టిన చోట పడాలి, తడిసిన దారిలో మన సైనికులు ఉండకూడదు. యుద్ధంలో ఇన్ని షరతుల మీద ఆధారపడే ఆయుధాన్ని ఏ సేనాధిపతీ కోరుకోడు. దానికి ఉన్న ఒకే ఒక్క ప్రత్యేకత ఏమిటంటే, చేసినట్టు తెలియదు. వానను చూసి ఎవరూ శత్రువు పని అనుకోరు. ప్రమాదం అక్కడే ఉంది. అందుకే దీనికి చట్టం అవసరమైంది.

మన దేశం ఈ కథలో ఉందని చాలామందికి తెలియదు. 1966, 67లో బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో కరవు వచ్చినప్పుడు, గ్రోమెట్ అనే పేరుతో అమెరికా నిపుణులు మన ప్రభుత్వ అంగీకారంతో రహస్యంగా అక్కడ మేఘమథనానికి ప్రయత్నించారు. 1967 తొలి నెలల్లో తగిన మబ్బులే దొరకలేదు, వాన రాలేదు. తేదీలు గమనించండి. ఆకలితో ఉన్నవాళ్లకు గింజ పండించడానికి బీహార్‌లో, సరుకు లారీలు కదలకుండా చేయడానికి లావోస్‌లో, ఒకే ఏడాది, ఒకే దేశం, ఒకే విద్య. మంచి పనిని కూడా దాచి చేశారు, దాచడం వల్లే ఆ తర్వాత మంచి పనిని కూడా ఎవరూ నమ్మని పరిస్థితి వచ్చింది. మేఘమథనం ఏదైనా సరే, ఏ రోజు, ఎక్కడ, ఎన్ని ఫ్లేర్లు కాల్చారో మర్నాటికల్లా అందరికీ తెలిసేలా ప్రకటించాలని నేను వాదిస్తున్నాను.

పొపాయ్ బయటపడిన తర్వాత వచ్చినదే ఎన్‌మోడ్ ఒప్పందం. 1976 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించింది, 1978 అక్టోబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో భారత్ కూడా చేరింది. వాతావరణాన్ని, భూమిని, సముద్రాన్ని మార్చి శత్రు దేశానికి హాని చేయడాన్ని ఇది నిషేధిస్తుంది. కానీ ఆ హాని విస్తృతంగానో, దీర్ఘకాలంగానో, తీవ్రంగానో ఉండాలి. విస్తృతం అంటే కొన్ని వందల చదరపు కిలోమీటర్లు, దీర్ఘకాలం అంటే కొన్ని నెలలు లేదా ఒక సీజన్ అని వివరణ ఇచ్చారు. అంటే ఒక లోయలో ఒక వారం బురద చేస్తే? ఈ గీత కింద నుంచి దూరిపోవచ్చని వాదించేవాళ్లు ఉంటారు. నా దృష్టిలో ఆ మూడు పరిమితులు తీసేయాలి. పోటీ పరీక్షలకు చదువుతున్నానన్నారు కాబట్టి చెబుతున్నాను, ఈ ఒప్పందం శాంతియుత ప్రయోగాలను నిషేధించదు. చాలామంది అక్కడ పొరబడతారు.

తుపానుల సంగతి మన జిల్లాల వాళ్లు తప్పకుండా అడుగుతారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. పది వేల మందికి పైగా పోయారు. ఆ గాలిని కాస్త తగ్గించగలిగితే అన్న కోరిక ఎవరికి ఉండదు? అమెరికా 1962 నుంచి 1983 దాకా స్టార్మ్‌ఫ్యూరీ పేరుతో అదే ప్రయత్నించింది. 1969లో డెబ్బీ అనే తుపానుకు మందు వేస్తే ఒక రోజు గాలి 31 శాతం తగ్గింది, ఇంకో రోజు అంతకంటే తక్కువగా తగ్గింది. గొప్ప ఆశ. తర్వాత తెలిసిందేమిటంటే, తుపాను కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడ తనంతట తానే పాతది కూలి కొత్తది కట్టుకుంటుంది, అప్పుడు గాలి తగ్గుతుంది. మందు వేయకపోయినా అంతే. పైగా తుపాను మబ్బుల్లో గడ్డకట్టకుండా మిగిలిన చల్లని నీళ్లు చాలా తక్కువ, సిల్వర్ అయొడైడ్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇదే పనిని పసిఫిక్‌కు మార్చాలనుకున్నప్పుడు జపాన్ ఒప్పుకోలేదు. తుపానులు తెచ్చే వాన వారికి కావాలి. మన చెరువులు నిండేది కూడా చాలా ఏళ్లు వాయుగుండం నీళ్లతోనే కదా.

సైన్యానికి నిజంగా, తిరుగులేకుండా పనికొచ్చిన వాతావరణ మార్పు ఒక్కటే: రన్‌వే మీద పొగమంచు తొలగించడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రన్‌వే పక్కన గొట్టాలు వేసి, వేల గ్యాలన్ల పెట్రోలు మండించి పొగమంచును కరిగించింది. సుమారు 2,500 విమానాలు ఆ మంటల మధ్య క్షేమంగా దిగాయి. ఇంధనం ఎంత తగలబడిందో చూడకండి, ఒక్కో విమానంలో ఉన్న మనుషులను చూడండి.

ఉత్తరాన ఒక స్థావరంలో జనవరి తెల్లవారుజాములు నాకు బాగా గుర్తు. నాలుగున్నరకు రన్‌వే మొదట్లో నిలబడి, అంచున ఉన్న దీపాల్లో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టేవాళ్లం. దీపానికీ దీపానికీ అరవై మీటర్లు. ఏడు కనిపిస్తే నాలుగు వందల మీటర్లకు పైన చూపు ఉన్నట్టు. కళ్ల ముందే ఏడు ఐదయ్యేవి, ఐదు మూడయ్యేవి. వెంట్రుకల మీద మంచు ముత్యాల్లా పేరుకునేది. లోపలికి వెళ్తే అందరిదీ ఒకే ప్రశ్న, ఎన్ని గంటలకు విడిపోతుంది? డ్రై ఐస్ చల్లవచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్లు అడిగేవారు. అది సున్నా కంటే చల్లగా ఉన్న పొగమంచులోనే పనిచేస్తుంది. మనది ఐదారు డిగ్రీల దగ్గర ఉండే పొగమంచు. దానికి ఈనాటికీ చవకైన మందు లేదు. 2015 నుంచి ఢిల్లీ విమానాశ్రయంలో పుణే సంస్థ శీతాకాలాల్లో పొగమంచు పరిశోధన చేస్తోంది. దాని వల్ల ఎన్నింటికి కమ్ముతుంది, ఎన్నింటికి విడిపోతుంది అనేది ముందుగా చెప్పడం మెరుగుపడింది.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. వాతావరణాన్ని మార్చినవాడికంటే ముందుగా తెలుసుకున్నవాడు గెలిచిన యుద్ధాలే ఎక్కువ. 1944 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద మిత్రదేశాల దాడిని 5వ తేదీ నుంచి 6వ తేదీకి మార్చింది వాతావరణ నిపుణుడు జేమ్స్ స్టాగ్ చెప్పిన మాట మీదే. గాలివాన మధ్యలో కొద్ది గంటల తెరపి వస్తుందని ఆయన చెప్పాడు.

మా గుంటూరులో అదే చూస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రత్తిపాడు వైపు కల్లాల నిండా మిర్చి ఎర్రగా పరిచి ఉంటుంది. ఆ సమయంలో అరగంట జల్లు చాలు, తడిసిన కాయ రంగు పోయి తెల్లబడుతుంది, తాలు కాయల్లో కలిసిపోతుంది, యార్డులో ధర సగానికి పడిపోతుంది. మా బావమరిది కల్లంలో ఒక సాయంత్రం తేజ రకం కాయ ఆరబోసి ఉంది. ఫోనులో మచిలీపట్నం రాడార్ చిత్రం చూస్తే పడమటి నుంచి ఒక గుంపు వస్తోంది. రెండు గంటల టైము ఉందని చెప్పాను. ఆడా మగా పదిమంది కలిసి కాయను కుప్పలుగా తోసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. చివరి రాయి పెట్టేసరికి మొదటి చినుకు పట్టా మీద టప్పుమంది. ఆ మబ్బును ఆపమని ఎవరైనా నన్ను అడిగితే ఆపలేను. కోట్లు ఖర్చుపెట్టినా ఎవరూ ఆపలేరు.

అందుకే మీ నాన్నగారి కుట్టుమిషన్ల విషయంలో నాకు కోపం వచ్చేది లేని ఆయుధం మీద కాదు. ఏ వీధికి ఎన్నింటికి నీళ్లు వస్తాయో ముందు రాత్రే చెప్పి ఉంటే, వాటిని పై అంతస్తుకు ఎక్కించుకునేవారు. శత్రువు చేశాడని నమ్మితే గండి గురించి, కాలువ వెడల్పు గురించి, హెచ్చరిక గురించి అడగడం మానేస్తాం.

సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో ఏ వీధికి ఎన్ని గంటలకు చేరాయో తెలిసినవాళ్లను అడిగి రాసిపెడుతున్నాను. ఇప్పటికి పదకొండు వీధుల వివరాలు దొరికాయి. మీ వీధిలో నీళ్లు మొదట ఎటువైపు నుంచి వచ్చాయి, మోకాళ్ల ఎత్తుకు, నడుము ఎత్తుకు ఎన్నింటికి చేరాయి, గోడ మీద గీత గచ్చు నుంచి ఎన్ని అడుగుల్లో ఉంది, ఇంట్లోవాళ్లను అడిగి ఇక్కడే కింద రాయండి. గోడకు కొత్త సున్నం వేయకముందే కొలవండి.